ఆపినా ఆగని కంప్యూటర్

“రోజూ రాత్రి ఆపేసే పడుకుంటున్నాను కదా!” అని నాన్నగారు కాస్త నొచ్చుకున్నారు. కంప్యూటర్‌లో ఏమేం నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్‌లో మాత్రం అప్‌టైమ్, అంటే పూర్తిగా ఆగకుండా నడుస్తున్న సమయం, 41 రోజుల 6 గంటలు అని కనిపిస్తోంది.

విచిత్రం ఏమిటంటే, ఆయనా కంప్యూటరూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది పనిచేస్తూ ఉంటే, షట్‌డౌన్ నొక్కినప్పుడు మనం తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి కానీ, సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్ తన స్థితిని డిస్కులో దాచుకుంటుంది. పొద్దున్న అక్కడి నుంచే లేస్తుంది. అంటే దీపం ఆర్పలేదు, వత్తి తగ్గించామంతే. పూర్తిగా ఆర్పి వెలిగించేది రీస్టార్ట్. పేర్లు చూస్తే తిరకాసుగా లేదూ?

రీస్టార్ట్ చేశాను. వారం రోజులుగా మొరాయిస్తున్న ప్రింటర్ మారుమాట లేకుండా రైలు టికెట్టు ముద్రించింది. (మొన్న దాని డ్రైవర్, అంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, తీసేసి మళ్ళీ వేయడానికి గంటన్నర తగలేశాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.)

పనిలో పనిగా స్టార్టప్ యాప్స్, అంటే కంప్యూటర్ లేవగానే వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రాముల జాబితా తెరిచాను. 11 ఉన్నాయి. ఎప్పుడో అమ్మేసిన పాత ఫోను సాఫ్ట్‌వేర్ కూడా రోజూ పొద్దున్నే హాజరు వేయించుకుంటోంది! యాంటీవైరస్, టచ్‌ప్యాడ్ తాలూకువి ఉంచి మిగతావి డిజేబుల్ చేశాను. అవి ఎక్కడికీ పోవు, కావలసినప్పుడు మనమే తెరుచుకోవచ్చు.

నాన్నగారు ఇప్పుడు గోడ క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం మీదా ‘రీ’ అని రాస్తున్నారు, పాల లెక్క పక్కనే.