‘ఎండ–నీడ’ పోటీ క్విల్ట్: ఇప్పటిదాకా అయిన పని, తేలిన కొలతలు

గిల్డ్, అంటే మా క్విల్ట్ కుట్టేవాళ్ల సంఘం, ఈసారి పోటీకి ఇచ్చిన అంశం ‘ఎండ–నీడ’. షరతులు నాలుగే. ఏ పక్కా 40 అంగుళాలు దాటకూడదు. అందరికీ ఒకేలా పంచిన తుప్పు రంగు ఫ్యాట్ క్వార్టర్, అంటే 18×22 అంగుళాల ముక్క, పైభాగంలో కనబడాలి. పైగుడ్డ, నడుమ దూది పొర, అడుగుగుడ్డ మూడూ కలిపి కుట్టి ఉండాలి. వెనక కర్ర దూర్చి వేలాడదీసే పట్టీ ఉండాలి.

ఈ అంశం చెప్పగానే సూర్యుడి బొమ్మో చెట్టు బొమ్మో అతికేద్దామనిపిస్తుంది. కానీ గోడకు వేలాడదీసిన క్విల్ట్‌ను దూరం నుంచి చూసినప్పుడు బొమ్మ కంటే ముందు కంటికి ఆనేది లేత–ముదురు తేడా. అందుకే బొమ్మ జోలికి పోకుండా లాగ్ క్యాబిన్ బ్లాకు తీసుకున్నాం. నడిమి చదరం చుట్టూ పట్టీలు తిరుగుతాయి, రెండు పక్కలు లేత, రెండు పక్కలు ముదురు. ఈ అంశానికి ఇంకో నలుగురైనా ఇదే బ్లాకుతో వస్తారు, అందులో అనుమానం లేదు. తేడా చూపించాల్సింది అమరికలో.

లెక్క

నడిమి చదరం 2½ అంగుళాలకు కత్తిరిస్తే, ఒక్కో వైపు పావు అంగుళం కుట్టు మార్జిన్‌లో పోయి, కుట్టాక 2 అంగుళాలు. పట్టీ వెడల్పు 1½, కుట్టాక 1. ఒక్కో చుట్టుకు బ్లాకు 2 అంగుళాలు పెరుగుతుంది కాబట్టి మూడు చుట్లకు 8 అంగుళాలు. నాలుగు వరసల్లో 16 బ్లాకులు, 32 అంగుళాలు. చుట్టూ 4 అంగుళాల అంచు వేస్తే సరిగ్గా 40. కలిపి కుట్టేటప్పుడు క్విల్ట్ ఎలాగూ కొంత కుంచించుకుపోతుంది, పరిమితి దాటదు.

ఒక్కో బ్లాకుకు పట్టీల పొడవులు: లేతవి 2½, 3½, 4½, 5½, 6½, 7½, ముదురువి 3½ నుంచి 8½ దాకా ఒక్కో అంగుళం పెంచుతూ ఆరు. 16 బ్లాకులకు లేతవి మొత్తం 480 అంగుళాలు, ముదురువి 576. గుడ్డ పన్నా పనికొచ్చేది 42 అంగుళాలు అనుకుంటే కాగితం మీద 12, 14 పట్టీలు చాలు. తునకలు మిగిలిపోతాయి కాబట్టి 14, 17 కత్తిరించాం. గిల్డ్ గుడ్డలోంచి 22 అంగుళాల పొడవున రెండు పట్టీలు తీస్తే ఒక్కోదానిలో ఎనిమిది చొప్పున 16 నడిమి చదరాలూ వచ్చేశాయి. లాగ్ క్యాబిన్ అంటే దుంగల ఇల్లు, నడిమి చదరం ఎర్రగా ఉండి ఆ ఇంటి పొయ్యిని సూచించాలనేది ఈ బ్లాకు సంప్రదాయం. తుప్పు రంగు దానికి దగ్గరగానే ఉంది.

లేత, ముదురు వేరుచెయ్యడం

ఎక్కువ సమయం తిన్నది ఇదే, తినాల్సింది కూడా ఇదే. రంగు వేరు, దాని గాఢత వేరు. గుడ్డలన్నీ ఒక్కో తునక పక్కపక్కన పరిచి ఫోన్లో నలుపు–తెలుపు ఫొటో తీస్తే దొంగలు బయటపడతారు. నిమ్మపండు పసుపు, లేత ఆకుపచ్చ వేరువేరనుకుంటే రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. ముదురు కుప్పలో వేసిన నీలం పువ్వుల గుడ్డ మధ్యస్థంగా తేలింది, ఎందుకంటే పువ్వుల మధ్య తెలుపు ఎక్కువ. అలాంటి పెద్ద డిజైన్లు 1½ అంగుళాల పట్టీగా తరిగినప్పుడు ఒక ముక్కలో పువ్వు, ఇంకో ముక్కలో ఖాళీ వచ్చి బ్లాకు మచ్చలమచ్చలుగా కనిపిస్తుంది. చివరికి లేతవి ఆరు, ముదురువి ఆరు మిగిలాయి, అన్నీ చిన్న డిజైన్లే. మధ్యస్థాలన్నీ పక్కన పెట్టేశాం.

ముదురు గుడ్డలు రంగు దిగుతాయేమో ముందే చూడాలి. తడిపిన తెల్లగుడ్డ మధ్య నొక్కి ఉంచి, ఆరాక విప్పి చూస్తే తెలిసిపోతుంది. ముదురు నీలం ఒకటి దిగింది, దాన్ని తీసేశాం. ఉతికితే అన్నీ ఉతకాలి, లేదా ఏదీ ఉతకకూడదు. సగం ఉతికి సగం వదిలేస్తే తర్వాత తడిసినప్పుడు ఒక్కోటీ ఒక్కోలా ముడుచుకుంటుంది.

కుట్టడం

సూది 80/12, 50 నంబరు నూలు దారం, కుట్టు పొడవు 2 మి.మీ. పావు అంగుళం కుట్టు మార్జిన్ తప్పితే ఈ బ్లాకు క్షమించదు. బ్లాకు అడ్డంగా ఆరు కుట్లు ఉంటాయి. ఒక్కో కుట్టు అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగితే రెండు గుడ్డల్లోంచీ పోయి ఎనిమిదో వంతు తగ్గుతుంది, ఆరు కుట్లకు ముప్పావు అంగుళం! అంటే చుట్టూ మార్జిన్‌తో కలిపి 8½ రావాల్సిన బ్లాకు 7¾ దగ్గర ఆగుతుంది. మిషన్‌కు పావు అంగుళం ఫుట్ (గుడ్డను అదిమిపట్టే పాదం) బిగించినంత మాత్రాన సరిపోదు, దారం మందం, మడత కూడా కొంత తింటాయి. కాబట్టి మొదట 1½ అంగుళాల తునకలు మూడు కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి కొలవాలి. మొత్తం 3½ ఉండాలి, నడిమిది సరిగ్గా 1. తక్కువొస్తే సూదిని ఒక్క మెట్టు కుడికి జరిపితే చాలు.

పొడవాటి పట్టీకి బ్లాకు కుట్టేసి తర్వాత కత్తిరించే పద్ధతి వేగంగా సాగుతుంది, కానీ గుడ్డ కూడా సాగుతుంది. పడుగు వెంట గుడ్డ దాదాపు సాగదు, పేక వెంట కొంచెం సాగుతుంది, క్రాసులో అయితే చెప్పక్కర్లేదు. మన పట్టీలు పన్నా వెంట తీసినవి, అంటే పేక వెంట. కాబట్టి ముందే కొలతకు కత్తిరించి, రెండు కొసలూ గుండుసూదులతో కలిపి కుట్టడమే మేలు. కత్తిరించే ముందు గుడ్డకు పల్చగా గంజి పట్టిస్తే ఇంకా బిగువుగా ఉంటుంది. ప్రతి పట్టీ తర్వాత మార్జిన్‌ను నడిమి చదరానికి ఎడంగా మడిచి, ఇస్త్రీపెట్టెను జరపకుండా పైనుంచి అదమాలి. రుద్దితే బ్లాకు విల్లులా వంగుతుంది.

అమరిక, అంచు

పక్క బ్లాకును తలకిందులు చేస్తూ పోతే లేత–ముదురు చాళ్లు ఏటవాలుగా వస్తాయి. కిటికీ ఊచల్లోంచి పడ్డ ఎండలా ఉంటుంది. ఇక్కడే చిన్న మార్పు: పై ఎడమ మూలలో అన్నిటికంటే లేత గుడ్డలున్న బ్లాకులు, కింద కుడివైపు ముదురులో ముదురువి. వెలుగు ఒకవైపు నుంచి వస్తున్నట్టు తెలియాలంటే ఇది తప్పనిసరి.

అంచు కోసం 45 అంగుళాల పొడవు గుడ్డ తీసుకుని పడుగు వెంట కోశాం. 4½ వెడల్పు పట్టీలు నాలుగు, మిగిలిన దానిలోంచి బైండింగ్‌కు, అంటే చివరన క్విల్ట్ అంచులు మూసేలా చుట్టూ మడిచి కుట్టే గోటుకు, 2½ వెడల్పువి ఐదు. అంచు పట్టీని క్విల్ట్ పక్కన ఆనించి కుట్టుకుంటూ పోయి చివర కత్తిరిస్తే అలలు లేస్తాయి. మధ్యలోనూ రెండు పక్కలా కొలిచి, సగటుకు పట్టీ కోసి, నాలుగు చోట్ల సమంగా పిన్ను చేసి కుట్టాలి. మన సగటు 32½కు నూలుపోగంత తక్కువే, నిశ్చింత.

మూడు పొరలు

అడుగుగుడ్డ, దూది పొర రెండూ 48 అంగుళాలకు కోశాం. పన్నా చాలదు కాబట్టి అడుగుగుడ్డకు అతుకు తప్పదు, ఆ మార్జిన్ రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేస్తే మందం తెలియదు. అడుగుగుడ్డ బల్లకు టేపుతో బిగించాలి, లాగకూడదు. పిన్నీసులు 4 అంగుళాలకొకటి.

సూది 90/14, వాకింగ్ ఫుట్ (పొరలన్నిటినీ ఒకేలా ముందుకు జరిపే పాదం), కుట్టు పొడవు 3 మి.మీ. ఎండ చాళ్లలో గీతకు గీతకు ముప్పావు అంగుళం, నీడ చాళ్లలో అర అంగుళం. నీడను ఇంకా దట్టం చెయ్యాలనిపిస్తుంది గానీ దట్టంగా కుట్టిన చోటు లోపలికి గుంజుకుని, పల్చటి చోటు ఉబ్బి క్విల్ట్ గోడకు చదునుగా ఆనదు. గీతలన్నీ ఒకే పక్కనుంచి మొదలుపెట్టాలి. ఒకటి పైకి ఒకటి కిందికి కుడితే గుడ్డ రెండువైపులకూ లాగి సన్నటి ముడతలు పడతాయి. పైన బాబిన్ దారం (అడుగు దారం) చుక్కలు కనిపిస్తే పైదారం బిగువు తగ్గించాలి. అడుగున ఉండ కట్టిందంటే నూటికి తొంభైపాళ్లు ఫుట్ దించి ఉంచి పైదారం ఎక్కించడం వల్లే. నీళ్లకు పోయే పెన్నుతో గీసిన గీతల మీద ఇస్త్రీ తగలనివ్వకండి, మచ్చగా మిగిలిపోతాయి.

కుట్టాక ఒక్కో పక్కా దాదాపు అర అంగుళం తగ్గింది. మూలమట్టం చూసి 39½కు సరిచేశాం.

మిగిలింది

వేలాడదీసే పట్టీ బైండింగ్ కంటే ముందే పెట్టుకోవాలి. 9 అంగుళాల వెడల్పు, కొసలు మడిచి కుట్టాక 38 అంగుళాల పొడవు. పొడవునా రెండుగా మడిచి, దాని మడవని అంచులు క్విల్ట్ వెనక పై అంచుతో కలిపితే బైండింగ్ కుట్టులో అదీ పట్టుకుంటుంది. బైండింగ్‌ను మూలకు పావు అంగుళం ముందే ఆపి, పైకి మడిచి, మళ్లీ కిందికి దించి కుట్టాలి. మూలలో దూది నిండుగా లేకపోతే వేలికి ఖాళీగా తగులుతుంది, న్యాయనిర్ణేతలు ముందు నొక్కి చూసేది అక్కడే. ఇప్పటికి బైండింగ్ వెనకవైపు చేతికుట్టు రెండు పక్కలు పూర్తయింది.

అది అయ్యాక వేలాడదీసే పట్టీ కింది అంచు. దాన్ని బిగించి కుట్టేస్తే కర్ర దూర్చగానే ముందువైపు అడ్డంగా ఉబ్బెత్తు గీత పడుతుంది. పట్టీలో క్విల్ట్‌కు ఆనే పొరను అర అంగుళం పైకి నెట్టి, బయటి పొర కొంచెం బొజ్జ కట్టేలా వదులు ఉంచి కుట్టాలి. సూది అడుగుగుడ్డనూ దూదినీ పట్టాలి, పైగుడ్డకు రాకూడదు. పేరు చీటీ కింది కుడి మూలన. తీర్పు అయ్యేదాకా పేరు కనబడకూడదు కాబట్టి దాని మీద గుడ్డ ముక్క టాకాలు వేసి పంపాలి.