బొడ్డు చాటు గాటు, భుజంలో నొప్పి

నిరుడు మా అక్కకు పిత్తాశయంలో (గాల్‌బ్లాడర్‌లో) రాళ్ళున్నాయని స్కానింగ్‌లో తేలినప్పుడు, దాన్ని తీసేయడానికి సర్జన్ రెండు పద్ధతులు వివరించారు. ఒకటి పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు పెట్టి, వాటిలోంచి కెమెరా, పరికరాలు పంపి చేసే మామూలు ల్యాపరోస్కోపీ. రెండోది బొడ్డులో ఒక్క గాటుతోనే ముగించేది. రెండోదానికి ఖర్చు ఎక్కువే అయినా మచ్చ బొడ్డు ముడతల్లో కలిసిపోతుందనేసరికి అక్క అటే మొగ్గింది. ఏ పద్ధతిలో ఆ తర్వాతి జీవితం సుఖంగా ఉంటుందన్నది నా సందేహం.

1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహే మొదలుపెట్టిన ఈ ల్యాపరోస్కోపీ పిత్తాశయ శస్త్రచికిత్సను 1990లో ముంబయిలో డాక్టర్ తెహంటన్ ఉద్వాడియా మన దేశానికి తెచ్చారు. మామూలు పద్ధతిలో సాధారణంగా రెండు గాట్లు పది మిల్లీమీటర్లవి, రెండు ఐదు మిల్లీమీటర్లవి. దూరదూరంగా ఉన్న ఆ గాట్ల నుంచి పరికరాలు వేర్వేరు కోణాల్లో లోపలికి వెళ్తాయి కనుక, పిత్తాశయాన్ని ఒక చేత్తో లాగిపట్టి, ఏది కోయాల్సిన పిత్తాశయ నాళమో ఏది కోయకూడని ప్రధాన పిత్తనాళమో స్పష్టంగా చూసుకున్నాకే కత్తిరించే వీలు సర్జన్‌కు దొరుకుతుంది. ఒక్క గాటులో పరికరాలన్నీ పక్కపక్కనే ఇరుక్కుని ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. పైగా బొడ్డు దగ్గర కండరపు పొరను ఎక్కువగా కోయాల్సి వస్తుంది. 2013లో వెలువడిన, రెండు వందల మంది రోగులతో జరిగిన ఒక అధ్యయనంలో, ఏడాది తిరిగేసరికి ఒకే గాటు వారిలో 8.4 శాతం మందికి, నాలుగు గాట్ల వారిలో 1.2 శాతం మందికి కుట్ల చోట హెర్నియా (కండరపు పొర బలహీనపడి లోపలి భాగం బయటికి ఉబ్బడం) వచ్చింది. మచ్చ విషయంలో మాత్రం ఒకే గాటు వారే ఎక్కువ తృప్తి చెందారు.

ఇక జీవన నాణ్యతను కొలిచేందుకు వైద్యులు వాడే జీర్ణకోశ ప్రశ్నావళిలో 36 ప్రశ్నలు, గరిష్ఠంగా 144 మార్కులు ఉంటాయి. అందులో చాలా ప్రశ్నలు ఉబ్బరం, విరేచనాలు, నిద్ర, ఆకలి వంటి వాటి గురించే. గాట్ల సంఖ్య వీటిని పెద్దగా మార్చదనే నాకనిపిస్తుంది. అసలు కడుపునొప్పి రాళ్ళ వల్లే వస్తోందా అన్నది అంతకంటే ముఖ్యం: 2019లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో, రాళ్ళున్న రోగుల్లో చాలామందికి ఆపరేషన్ చేసినా, ఏడాది తర్వాత కూడా పదిమందిలో సుమారు నలుగురికి కడుపునొప్పి పూర్తిగా పోలేదు.

అక్క చివరకు నాలుగు గాట్లకే ఒప్పుకుంది. రెండో రోజు ఆమెను ఏడిపించింది కుట్లు కాదు, కుడి భుజం! పొట్టలోకి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ ఉదరవితానాన్ని (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొరను) రేపితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. ఒకే గాటుతో చేసినా ఆ గ్యాసు తప్పదు. ఇప్పుడు మచ్చలు వెతికితే తప్ప కనబడవు. కానీ పూరీలు తిన్న పూట మాత్రం ఆమె బాత్రూముకు పరుగెత్తాల్సిందే. పిత్తరసాన్ని నిల్వ చేసే సంచీ లేక అది ఎప్పటికప్పుడు పేగులోకి జారుతుండటం వల్ల కొందరికి అలా అవుతుందని ఆపరేషన్‌కు ముందు మాకెవరూ చెప్పలేదు.