నల్లరేగడిలో ఇల్లు మొదలుపెట్టే ముందు

గుంటూరు దగ్గర మా బావ ఇల్లు మొదలుపెడుతూ, "పక్కింటివాళ్లు ఆరడుగులు తవ్వి పునాది వేశారు, మనకీ అంతే చాలు, మట్టి పరీక్షకి డబ్బులు దండగ" అన్నాడు. ఆ పక్కింటి కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన పగులు చూపించాను. అందులో నా వేలు దూరింది. బావ ఇంకేం మాట్లాడలేదు.

అక్కడంతా నల్లరేగడి. వానలకి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండలకి నెర్రెలిస్తుంది, మధ్యలో నలిగిపోయేది పునాదే.

మట్టి పరీక్షకి బోరు వేసినవాళ్లు 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 45 సెంటీమీటర్లు దిగేదాకా దెబ్బలు లెక్కపెట్టారు. బోరు అడుగున మట్టి కదిలి ఉంటుంది కాబట్టి మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, మిగతా 30 సెంటీమీటర్లకి పట్టిన దెబ్బల్నే ఎన్ వాల్యూ అంటారు, మట్టి ఎంత గట్టిదో చెప్పే లెక్క అది.

నాకు నచ్చింది మాత్రం ల్యాబులో చేసే చిన్న పరీక్ష. 10 గ్రాముల పొడిమట్టి నీళ్లున్న గాజు జాడీలో, మరో 10 గ్రాములు కిరోసిన్‌లో వేసి 24 గంటలు కదపకుండా వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలోది దాదాపు రెట్టింపైంది, అప్పుడు చూడాలి బావ మొహం!

చివరికి అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి స్తంభాల్లా దిగే పునాదులు, ఖాయం చేశారు. అడుగున గంటలా వెడల్పై, తేమ పెద్దగా మారని లోతుకి దిగుతాయి. మట్టి ఉబ్బినా పైకి ఎత్తకుండా పైల్స్ మీద వేసే బీము కింద ఖాళీ వదలమన్నారు. మేస్త్రి ఆ ఖాళీని ఇసుకతో నింపేస్తానని రోజూ అడుగుతున్నాడు, బావేమో కాపలా కాస్తున్నాడు.