ఒక్క ప్లైవుడ్ షీటుతో ఊగని పనిబల్ల

పనిబల్ల బరువు మోయడం పెద్ద సంగతి కాదు. రంద (చెక్కను చెక్కి నునుపు చేసే పనిముట్టు) పట్టేటప్పుడు ఊగకుండా నిలబడాలి, కష్టమంతా అక్కడే.

18 మి.మీ. మందం, 8×4 అడుగుల బీడబ్ల్యూఆర్ (తడికి తట్టుకునే రకం) ప్లైవుడ్ షీటు ఒకటి చాలు. దుకాణంలోనే నాలుగు 4×2 ముక్కలు కోయించుకోండి. రంపం మందమంత పోతుంది కాబట్టి మిగతా కొలతలు చేతికొచ్చిన ముక్కను బట్టి పెట్టుకోవాలి. రెండు ముక్కలు అతికితే 36 మి.మీ. పైపలక, ఒకటి కింది అరకు, ఒకటి వెనక పలకకు.

చాలామంది చెడగొట్టేది అతికేటప్పుడే. నేల సమంగా లేకుంటే ఆ వంకర ఫెవికాల్ ఆరాక పలకలోనే ఉండిపోతుంది. రందతో సరిచేద్దామంటే ప్లైవుడ్ పైపొర లేచిపోతుంది. టైల్స్ గచ్చు మీద పరిచి, జిగురు మూలమూలకూ పూసి, నడుమ నుంచి అంచులకు ఆరంగుళాలకొకటి చొప్పున 30 మి.మీ. స్క్రూలు బిగించండి. 40వి వాడితే మొన అవతలికి పొడుస్తుంది. ఒక రోజంతా కదపొద్దు.

కాళ్లకు రెండున్నర అంగుళాల చదరం వేప కట్టె చవక, గట్టి. సామిల్లులో పచ్చిది అంటగడతారు, జాగ్రత్త. పాలమూరు ఎండాకాలంలో అది కుంచించుకుపోయి బోల్టులన్నీ వదులవుతాయి. చిన్న ముక్కను వారం వారం తూచండి. బరువు తగ్గడం ఆగితేనే ఆరినట్టు. బల్ల ఎత్తు నిలబడినప్పుడు మీ మణికట్టు దాకా ఉండాలి. అందులోంచి 36 మి.మీ. తీసేస్తే కాలి పొడవు.

కాళ్ల బయటి అంచుల మధ్య పొడవు 40 అంగుళాలు పెడితే పైపలక రెండువైపులా నాలుగేసి అంగుళాలు బయటికొచ్చి, పనిముక్కను బల్లకు బిగించే క్లాంపులకు పట్టు దొరుకుతుంది. ముందు కాలినీ వెనక కాలినీ కలిపే పక్క పట్టీలను కాళ్లకు జిగురుతో, స్క్రూలతో శాశ్వతంగా బిగించండి. బల్ల పొడవునా కాళ్లను కలిపే 3×1.5 అంగుళాల పట్టీలకు మాత్రం 10 మి.మీ. మందం, 5 అంగుళాల పొడవు బోల్టులు పెడితే, ఇల్లు మారినప్పుడు విప్పి లిఫ్టులో దించొచ్చు. అతుకుకు రెండు బోల్టులు, ఒకదాని కింద ఒకటి కాకుండా ఏటవాలు వరసలో. ఒక్కటే పెడితే అది ఇరుసై పట్టీ తిరుగుతుంది.

అయినా పొడవు దిశలో ఊగుడు ఆపేది వెనక పలకే. 40 అంగుళాలకు కోసి వెనక కాళ్లకు స్క్రూలతో బిగించాలి. అక్కడి బోల్టు తలలను గుంత తీసి కట్టెలోకి దింపకుంటే పలక ఆనదు.

ఇక బరువు. ముప్పావు అంగుళం మందం, ఒకటిన్నర అడుగు చదరం తాండూరు బండ సుమారు 10 కిలోలుంటుంది. నాలుగు బండలు కింది అర మీద పేర్చితే బల్ల జరగదు. కింది ఫ్లాటుకు చప్పుడు తగ్గాలంటే కాళ్ల కింద పలుచని రబ్బరు వేయండి. మందంది వేస్తే ఊగుడు మళ్లీ మొదలు.

పైన సన్‌మైకా వద్దు, పనిముక్క జారుతుంది. అవిసె నూనె రెండు పూతలు చాలు. నూనె తుడిచిన గుడ్డలు మాత్రం ఉండలా చుట్టి బాల్కనీలో పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరేయండి.