ఏటికొప్పాక బొంగరం ఎక్కడిదాకా వెళ్ళింది: మూడో ఏడాది లాగ్

మా బొంగరం ప్రస్తుతం జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఉండే ఒక జియోక్యాషర్ దగ్గర ఉంది. సియాటిల్‌లో వదిలి రెండేళ్ళు దాటింది. జియోక్యాషింగ్ సైట్ లెక్కలో ఇప్పటికి సుమారు 6,900 మైళ్ళు తిరిగింది. మధ్యలో పది నెలలు ఎక్కడుందో తెలియలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. జియోక్యాషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాను (దాన్నే క్యాష్ అంటారు) జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకుని, అందులోని లాగ్‌బుక్‌లో పేరు రాసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టి రావడం. డబ్బాలో కొన్నిసార్లు ట్రావెల్ బగ్ కనిపిస్తుంది. ఏదో ఒక చిన్న వస్తువు, దానికి గొలుసుతో కట్టిన అల్యూమినియం బిళ్ళ, బిళ్ళ మీద కోడ్. దొరికినవాళ్ళు ఆ కోడ్‌తో సైట్‌లో నమోదు చేసి (అదే లాగ్ చేయడం), తీసుకెళ్ళి ఇంకో డబ్బాలో వేయాలి. బదులుగా ఏమీ పెట్టనక్కర్లేదు. అందరూ దీన్ని టీబీ అంటారు. అమ్మతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం నేను ఆ మాట వాడను, బొంగరం అనే అంటాను.

నిజానికి మొదట పంపింది బొంగరాన్ని కాదు, కొండపల్లి అంబారీ ఏనుగుని. 2023 ఏప్రిల్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలోనే, సియాటిల్ దగ్గరి స్నోక్వాల్మీ వైపు ఒక క్యాష్‌లో పెట్టాను. జూన్‌లో ఒకరు ఫొటో పంపారు. తొండం ఊడిపోయింది, రంగు కరిగి లాగ్‌బుక్ పేజీలకు అంటుకుంది. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు, ముక్కల్ని చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతికిస్తారు. అద్దాల బీరువాలో అయితే తరాల తరబడి ఉంటుంది. వాషింగ్టన్ వానకు, మూత సరిగ్గా పట్టని ప్లాస్టిక్ డబ్బాలో, రెండు నెలలు కూడా ఆగలేదు. ఆ క్యాష్ యజమానికి క్షమాపణ రాసి, కొత్త లాగ్‌బుక్ కొనుక్కెళ్ళి పెట్టి వచ్చాను. ఏనుగుని ఇంటికి తెచ్చేశాను. పాప ఇంకా దాన్ని పారేయనివ్వలేదు.

ఏనుగుతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చాలా క్యాష్‌లు వేలెడంత గొట్టాలే. తొమ్మిది సెంటీమీటర్ల ఏనుగు పెద్ద డబ్బాల్లో తప్ప పట్టదు. పట్టని వస్తువు తీసుకున్నవాళ్ళ బ్యాగులోనే నెలలకు నెలలు ఉండిపోతుంది.

ఆ వేసవిలో అమ్మ మా దగ్గరికి వస్తూ ఏటికొప్పాక బొంగరాలు నాలుగు తెచ్చింది. వేళ్ళతో తిప్పే రకం. మాది యలమంచిలి, ఏటికొప్పాక మాకు దగ్గరే. అక్కడ అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. అతుకుల్లేవు, జిగురు లేదు, మా బొంగరం ఎత్తు నాలుగు సెంటీమీటర్లే. ట్రావెల్ బగ్‌కి ఇంతకన్నా మంచి వస్తువు నాకు తట్టలేదు.

గొలుసు పట్టడానికి రంధ్రం వేయడం దగ్గర ఒక బొంగరం పోయింది. పొట్ట భాగంలో డ్రిల్ పెట్టగానే ఎర్ర లక్క గోటిముక్కల్లా పెచ్చులుగా లేచింది. రెండోదానికి పద్ధతి మార్చాను. పైన వేళ్ళతో పట్టుకునే కాడ ఉంటుంది కదా, దానికి మాస్కింగ్ టేప్ చుట్టి, 2 మిల్లీమీటర్ల బిట్‌తో నెమ్మదిగా వేశాను. టేప్ తీస్తే అంచు శుభ్రంగా ఉంది, లోపలి కర్ర మాత్రం తెల్లగా కనిపించింది. అక్కడినుంచి తేమ ఎక్కుతుందని, పారదర్శకమైన నెయిల్ పాలిష్ పాప చేత రెండు పూతలు వేయించాను. బిళ్ళతో వచ్చే పూసల గొలుసు తొందరగా తెగుతుంది. దాని బదులు సన్నని స్టీల్ వైరు వాడాను.

ట్రావెల్ బగ్ కొంటే బిళ్ళలు రెండు వస్తాయి. ఒకటి వస్తువుకి కట్టాలి, రెండోది ఇంట్లో దాచుకోవాలి. వస్తువు పోతే ఆ రెండో బిళ్ళతో మళ్ళీ పంపొచ్చు. కోడ్‌లు కూడా రెండు. టీబీ అక్షరాలతో మొదలయ్యేది అందరికీ కనిపించే నంబర్. బిళ్ళ మీద చెక్కి ఉన్న ట్రాకింగ్ కోడ్ మాత్రం చేతిలో పట్టుకున్నవాళ్ళకే తెలియాలి. ఫొటో తీసేటప్పుడు దాన్ని వేలితో మూయండి. మా బొంగరం ఫొటో ఒకరు కోడ్ కనిపించేలా పెట్టేశారు. రెండు రోజుల్లో, దాన్ని ఎప్పుడూ చూడనివాళ్ళు పదకొండు మంది ‘డిస్కవర్’ (అంటే చూశామని చెప్పే) లాగ్‌లు వేశారు. నిజంగా బాధేసింది. అన్నీ తొలగించి, ఫొటో తీసేయమని అడిగాను. వెంటనే తీసేశారు.

లక్ష్యం రాసిన కార్డు లామినేట్ చేసి అదే వైరుకి కట్టాను: ‘ఈ బొంగరం ఆంధ్ర నుంచి వచ్చింది. ఆంధ్రలో గానీ తెలంగాణలో గానీ ఏదో ఒక క్యాష్‌కి చేరాలి. తూర్పు వైపు వెళ్తుంటే తీసుకెళ్ళండి.’ లక్ష్యం సైట్‌లో రాస్తే చాలదు. అడవిలో సిగ్నల్ లేనిచోట డబ్బా తెరిచినవాళ్ళు చదివేది ఈ కార్డునే.

2023 సెప్టెంబర్: సియాటిల్‌లో ఫ్రీమాంట్ పేటలో ఉన్న జియోక్యాషింగ్ హెచ్‌క్యూలో (సైట్ నడిపేవాళ్ళ ప్రధాన కార్యాలయం) వదిలాం. అక్కడి క్యాష్‌కి దేశదేశాల నుంచి ఆటగాళ్ళు వస్తారు, కాబట్టి దూరం వెళ్ళే అవకాశం ఎక్కువ. పనివేళలు ముందే చూసుకుని వెళ్ళండి.

అక్టోబర్: ఒక కుటుంబం ఓరెగాన్‌లోని బీవర్‌క్రీక్‌కి తీసుకెళ్ళింది. ఈ ఆట పుట్టిందే అక్కడ. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని పెట్టిన లోపాన్ని తీసేసింది. ఆ వెంటనే మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్ దాచి, దాని స్థానాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆ బకెట్‌లో ఉన్న బీన్స్ డబ్బా కూడా తర్వాత ట్రాకబుల్ (ట్రావెల్ బగ్‌లా కోడ్‌తో జాడ తెలిసే వస్తువు) అయింది. సైట్ 163 మైళ్ళు రాసుకుంది. రోడ్డు మీద ఇంకా ఎక్కువే, కానీ లెక్క ఎప్పుడూ క్యాష్ నుంచి క్యాష్‌కి సరళరేఖలోనే.

చలికాలమంతా ఎవరిదో గ్లవ్ బాక్స్‌లో కూర్చుంది. 2024 మేలో కాన్సాస్‌లో తేలింది, ఐ-70 హైవే పక్కనున్న మింగో క్యాష్‌లో. 2000 మే 11న దాచిన డబ్బా అది, ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అన్నిటికన్నా పాతది. ఒక్క గెంతులో దాదాపు 1,170 మైళ్ళు! ఆ రోజు ఆఫీసులో నా పక్కసీటామెకి కూడా మ్యాప్ చూపించాను.

జూన్‌లో డెన్వర్ విమానాశ్రయం దగ్గరి టీబీ హోటల్. ట్రాకబుల్స్ మార్చుకోవడానికే పెట్టిన పెద్ద డబ్బాను అలా అంటారు. సెప్టెంబర్‌లో అక్కడినుంచి సముద్రం దాటి ఫ్రాంక్‌ఫర్ట్ పక్క అడవిలోని క్యాష్‌కి చేరింది. అక్కడినుంచి ఏటికొప్పాకకు ఇంకా 4,600 మైళ్ళు.

ఆ తర్వాత ఏ కబురూ లేదు. పేజీ మీద బొంగరం ఆ డబ్బాలోనే ఉన్నట్టు ఉంది. కానీ తర్వాత డబ్బా తెరిచిన నలుగురు దాని మాటే ఎత్తలేదు. మార్చిలో క్యాష్ యజమానికి మర్యాదగా ఒక మెసేజ్ పెట్టాను. ఆయన వెళ్ళి చూసి, లేదన్నాడు. ‘మిస్సింగ్’ అని గుర్తు పెట్టేశాను. అలా పెడితే దారి మూసుకుపోదు. కోడ్ ఉన్నవాళ్ళు ఎప్పుడైనా మళ్ళీ లాగ్ చేయొచ్చు. పెట్టకపోతే మాత్రం దానికోసమే వచ్చినవాళ్ళు ఖాళీ చేతులతో పోతారు.

పాప అడిగేది, బొంగరం ఎవరైనా ఉంచేసుకున్నారా అని. దానికి ధైర్యం చెప్పడానికి పర్సెవరెన్స్ రోవర్ కథ చెప్పాను. 2021 ఫిబ్రవరిలో అంగారకుడి మీద దిగిన ఆ రోవర్‌లో కూడా ఒక ట్రాకింగ్ కోడ్ ఉంది, షెర్లాక్ అనే పరికరం తాలూకు క్యాలిబ్రేషన్ టార్గెట్ (కొలతలు సరిచూసుకునే పలక) మీద. దాన్ని ఎవరూ తీసుకోలేరు, రోవర్ పంపిన ఫొటోల్లో చూసి డిస్కవర్ చేయడమే. “మరి మన బొంగరాన్ని కూడా అక్కడికే పంపాల్సింది” అంది.

2025 జూలై 19 ఉదయం మెయిల్ వచ్చింది. కిందటి చలికాలంలో డబ్బాలోంచి తీసుకున్నావిడ, లాగ్ చేసేలోపే ఫోన్ చార్జింగ్ అయిపోయిందట. బొంగరం చలికోటు జేబులో, కోటు అటకమీద. క్షమించమని రాస్తూ ఫొటో పెట్టింది. కాడ దగ్గర నెయిల్ పాలిష్ అలాగే ఉంది, పసుపు పట్టీ మీద ఒక గీత పడింది, కార్డు మూల నలిగింది. అంతే. ఆ ఫొటో ఎన్నిసార్లు పెద్దది చేసుకుని చూశానో!

ఇప్పుడు ఆవిడ వెళ్ళిన ప్రతి క్యాష్‌లో ‘విజిట్’ (అక్కడ వదలకుండా వెంట తెచ్చానని చెప్పే లాగ్) వేస్తోంది. జర్మనీ క్యాష్‌లతో నిండిన దేశం కాబట్టి మైళ్ళు పెరుగుతున్నాయి, ఇంటికి మాత్రం దగ్గర కావట్లేదు. ఇండియా వైపు వెళ్ళేవాళ్ళు దొరికేదాకా ఉంచుకోమన్నాను. ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళకి ఇవ్వొద్దని కూడా రాశాను. అక్కడ చెక్క వస్తువు డిక్లేర్ చేయాలి, అపరిచితుల మీద ఆ టెన్షన్ పెట్టడం నాకిష్టం లేదు.

అసలు సమస్య చేరాల్సిన చోటే ఉంది. మన దగ్గర క్యాష్‌లు తక్కువ. ఎర్త్‌క్యాష్, వర్చువల్ రకాలకు డబ్బానే ఉండదు, బొంగరం వదలడానికి చోటుండదు. అందుకే సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు వరాహ నది వైపు ఒక క్యాష్ నేనే పెడదామనుకుంటున్నాను. సెలవుకి వెళ్ళి దాచేసి వచ్చేస్తే ఒప్పుకోరు, బాగోగులు చూసే స్థానికుడు ఉండాలి. ఇంకో డబ్బాకి 161 మీటర్ల లోపు ఉండకూడదు, స్థలం యజమాని అనుమతి కావాలి. బాబాయి కొడుకు చూసుకుంటానన్నాడు. స్థలం తెలిసినవాళ్ళదే, వాళ్ళతో మాట్లాడాడు కూడా.

నిన్న రాత్రి క్లిప్పుల మూత ఉన్న స్టీలు డబ్బా ఫొటో పంపి, “అక్కా, ఇది సరిపోద్దా?” అని అడిగాడు. టేపు పెట్టి లోపలి కొలత చెప్పమన్నాను. పన్నెండు సెంటీమీటర్లు. బిళ్ళ, కార్డుతో సహా బొంగరం పడుతుంది. మూతలో రబ్బరు లేదు, అది ఒకటి వేయించమన్నాను.