నడుము నొప్పి, చేజారిన ఏకాగ్రత

నా వృత్తి పుస్తకాల ప్రూఫులు దిద్దడం. నడుము నొప్పి మొదలైన తొమ్మిదో నెలలో, ఒకే వాక్యం వెంటవెంటనే రెండుసార్లు వచ్చిన పేజీని చదివి, సరిగానే ఉందని సంతకం చేసి పంపించాను. ఇరవై ఏళ్లలో అటువంటి పొరపాటు నా వల్ల జరగలేదు. ఆ పేజీ తిరిగి వచ్చిన రోజున, ఈ జబ్బు నడుముతో, కాలితో ఆగలేదేమోనని మొదటిసారి భయపడ్డాను.

బరువైన పెట్టె ఎత్తబోయి వంగినప్పుడు నడుము పట్టేసింది. వారం తిరిగేసరికి నొప్పి ఎడమ పిరుదు నుంచి తొడ మీదుగా, పిక్క పక్కనుంచి కాలి బొటనవేలిదాకా కరెంటు పాకినట్టు దిగింది. నడుము కింది భాగంలోని ఎల్4, ఎల్5 వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బి నరాన్ని నొక్కుతోందని ఎంఆర్‌ఐలో తేలింది. కాలి బలం తగ్గలేదు కాబట్టి తొందరపడి ఆపరేషన్ చేయనవసరం లేదన్నారు. మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి రావాలని గట్టిగా చెప్పారు. ఉబ్బిన డిస్క్ చాలామందిలో కొన్ని నెలలకు దానంతటదే కుంచించుకుపోతుందట. నాకూ అలాగే జరిగింది. ఎనిమిదో నెలలో తీసిన స్కాన్‌లో ఉబ్బు చాలావరకు తగ్గిపోయింది. నొప్పి మాత్రం తగ్గలేదు. స్కాన్ బాగుందని విన్నాక చుట్టూ ఉన్నవాళ్ల పరామర్శలు కూడా తగ్గాయి. ఆ కాలమంతటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

పేజీ సంగతి నొప్పి వైద్యురాలికి చెప్పినప్పుడు ఆవిడ నన్ను ఆపకుండా చివరిదాకా విన్నారు. తర్వాత, "ఇది మీ ఊహ కాదండీ, మీ నిర్లక్ష్యమూ కాదు" అన్నారు. మూడు నెలలు దాటి నిలిచిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారనీ, అది నరంలో మాత్రమే కాక మెదడులోని భాగాల మధ్య సంబంధాల్లోనూ మార్పు తెస్తుందనీ వివరించారు. ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్నప్పుడు, మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు చురుగ్గా ఉండే ఒక అల్లిక మెదడులో ఉంది. దానికి డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అని పేరు. ఏదైనా పని మీద దృష్టి పెట్టగానే అది సద్దుమణగాలి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవాళ్లు తెర మీద కదిలే గీతను గమనించే పనిని ఆరోగ్యవంతులతో సమానంగానే చేశారు, కానీ వాళ్లలో ఈ అల్లిక ఉండవలసినంతగా సద్దుమణగలేదు. ఇది విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్షరాల మీద చూపు ఉండగానే లోపల ఎవరో కాలి గురించే మాట్లాడుతున్నట్టుండే ఆ స్థితిని నేను ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

అదే విశ్వవిద్యాలయంలో 2004లో జరిగిన మరో అధ్యయనం గురించి వినడం కష్టమనిపించింది. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 26 మంది మెదళ్లను ఆరోగ్యవంతులతో పోల్చినప్పుడు, నాడీకణాలు ఎక్కువగా ఉండే బూడిదరంగు పదార్థం 5 నుంచి 11 శాతం తక్కువగా కనిపించింది. నా ముఖం చూసి కాబోలు, ఆవిడ వెంటనే 2011లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఫలితాలు కూడా చెప్పారు: చికిత్సతో నొప్పి తగ్గిన కొందరిని ఆరు నెలల తర్వాత పరీక్షిస్తే, మెదడు ముందుభాగంలో పలచబడిన పొర మళ్లీ మందమైంది, శ్రద్ధ పెట్టే పని చేసేటప్పుడు మెదడు తీరు కూడా మామూలుకు వచ్చింది. ఇవన్నీ బృందాల సగటులనీ, ఒక్క మనిషి స్కాన్ చూసి నొప్పి ఎంతుందో చెప్పలేమనీ కూడా అన్నారు. ఆ జాగ్రత్త వల్లనే ఆవిడ మాట మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆ తర్వాతి నెలలు నెమ్మదిగా గడిచాయి. ఫిజియోథెరపిస్టు రోజుకు ఆరు నిమిషాల నడకతో మొదలుపెట్టించారు. నొప్పి ఎక్కువగా ఉన్నా అంతే, లేకపోయినా అంతే. ఒంట్లో తేలిగ్గా ఉన్న రోజున ఎక్కువ నడిచి మర్నాడు మంచం పట్టడం నా అలవాటు కాబట్టి, ఆ రెండో నియమమే కష్టమైంది. వంగడమంటే ఎంత భయం పేరుకుందో, నేల మీద పడ్డ కలం తీయమన్నప్పుడు తెలిసింది. ఊపిరి బిగబట్టి, చెమటలు పట్టి తీశాను. రోజూ తీయగా తీయగా, ఏడో వారంలో ఎప్పుడో, తీశానన్న సంగతి కూడా గమనించకుండా తీశాను. నిద్ర కుదిరాక నొప్పి కూడా మెత్తబడింది. పనిని పావుగంట ముక్కలుగా చేసుకుని, మధ్యలో లేచి నిలబడేదాన్ని.

పదహారో నెలలో ఒక సాయంత్రం, పొడవైన సమాసంలో జారిపోయిన ఒత్తును పట్టుకుని సరిదిద్దాక గడియారం చూస్తే యాభై నిమిషాలు గడిచిపోయి ఉన్నాయి. ఆ యాభై నిమిషాలూ కాలు నాకు గుర్తుకు రాలేదు.

నిద్ర చాలని రోజుల్లో ఇప్పటికీ పిక్క లాగుతుంది. అటువంటప్పుడు నడక మానను. పేజీలు తగ్గించుకుని, దిద్దినవాటిని మర్నాడు మరోసారి చదివి పంపుతాను.