రూపాయికి 8 పైసలు

పదకొండు దాటింది. మావారు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళారు. అత్తయ్యగారి గదిలో ఫ్యాను ఇంకా కీచుమంటూనే ఉంది. దాని సంగతి మొన్న రాశాను, ఇంతవరకు ఎవరూ బాగుచెయ్యలేదు. నాకు నిద్ర పట్టకపోవడానికి మాత్రం అది కారణం కాదు, ఒక రసీదు.

ఇంటి పన్ను రసీదు. పన్ను 4,850 రూపాయలు, దాని కింద గ్రంథాలయ సెస్సు 388 రూపాయలు. ఈ ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి ఏటా కడుతూనే ఉన్నాం, ఆ రెండో వరుస మీద నా చూపు ఎప్పుడూ ఆగలేదు. రాత్రి భోజనాలయ్యాక బీరువాలోంచి పాత రసీదులన్నీ తీసి మంచం మీద పరిచి కూర్చుంటే, ‘ఏమిటి, ఇల్లు అమ్ముతున్నామా?’ అన్నారు మావారు.

సంగతి ఇది. సాయంత్రం గ్రంథాలయంలో సమావేశం. మున్సిపాలిటీ, ఒక సేవాసంస్థ కలిసి భవనాన్ని బాగుచేయించాలని ఒప్పందం రాసుకున్నాయట. కప్పు, గోడలు మున్సిపాలిటీ చూసుకుంటుంది. లోపలి అమరిక సంస్థ చూసుకుంటుంది. మిగిలింది ‘పురప్రజల భాగస్వామ్యం’. అంటే మేము. నాలుగున్నరకు రమ్మన్నారు, అతిథిగారు వచ్చేసరికి ఆరయింది. ఈలోగా బాదుషా, కారప్పూస పొట్లాలు పంచారు. బీరువాలకు ఆనుకుని కూర్చున్నవాళ్ళు వేళ్ళ నూనె ఎక్కడ తుడుచుకున్నారో నేను చూశాను, చెప్పను.

తరవాత తెర మీద బొమ్మలు. బాగుచేశాక హాలు ఎలా ఉంటుందో చూపించారు. తెల్లటి గోడలు, గాజు తలుపు, ఒక్కొక్కరికీ ఒక్కొక్క గడి, ప్రతి గడిలో కంప్యూటర్. నేను వెతికినది ఒక్కటే, పత్రికల బల్ల. లేదు. చెయ్యి ఎత్తి అడిగాను. ‘వార్తాపత్రికలు వరండాలోకి మారుస్తున్నాం మేడమ్, అక్కడ గాలి బాగా వస్తుంది’ అన్నాడు బొమ్మలు చూపిస్తున్న కుర్రవాడు. గాలి వచ్చే చోట పత్రిక చదవడమంటే ఏమిటో ఆ అబ్బాయికి తెలియదు, పాపం. మావారితో పాటు ఆ బల్ల చుట్టూ రోజూ పొద్దున్నే చేరే ఏడెనిమిది మంది పెద్దవాళ్ళకు తెలుసు. జిల్లా పేజీ నీకా, క్రీడల పేజీ నాకా అని పంచుకుని చదువుకునే మనుషులు వాళ్ళు. వానాకాలం వరండాలో ఏం చదువుతారు?

ఆపైన నా చేతిలో ఒక ఫారం పెట్టారు. 5,000 ఇస్తే కుర్చీ వెనక మన పేరు. 50,000 అయితే బీరువా మీద. లక్ష దాటితే గుమ్మం పక్కన పాలరాయి మీద. దేవుడి గుడిలో ట్యూబులైటు మీద దాత పేరు రాయించి సగం వెలుతురు తగ్గించినట్టు! పక్కావిడ అప్పుడే లెక్కలు వేస్తోంది, కుర్చీ వెనక పేరు రాస్తే కూర్చున్నవాళ్ళ వీపు కిందికి పోతుంది కదా, బీరువా అయితే ఎదురుగా కనిపిస్తుంది అని.

నాకు ఒళ్ళు మండింది. మండిన ఒంటితో ఇంటికి వచ్చి రసీదు తీశాను. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయం కోసం వసూలు చేస్తారు. వసూలు చేసేది మున్సిపాలిటీ. చేరవలసింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. వసూలైన డబ్బు చేరవలసిన చోటికి చేరక బకాయిలు పేరుకున్నాయన్న వార్త ఏదో ఒక ఊరి పేరుతో పత్రికలో కనిపిస్తూనే ఉంటుంది, అదీ అదే బల్ల మీద చదివేదే. మా గ్రంథాలయానికి స్థలం ఒకరిది, పుస్తకాలూ ఉద్యోగీ మరొకరివి. కప్పు కారితే ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కాలో తేలక పన్నెండేళ్ళుగా మెట్ల దగ్గర బకెట్టు ఉంది. ఆ బకెట్టు కూడా ఒక పాఠకుడు తెచ్చి పెట్టిందే. అంటే నా 388 రూపాయలు ఏటా ఎక్కడో ఆగిపోతూ ఉంటే, ఇప్పుడు అదే పనికి మళ్ళీ చెయ్యి చాపుతున్నారన్నమాట. రాసి ఇవ్వను, ఒక్క రూపాయి ఇవ్వను అనుకున్నాను.

అనుకున్నానే గాని, ఆ కప్పు మాట తలచుకోగానే 1977 గుర్తుకొచ్చింది.

నాకప్పుడు పదేళ్ళు. నవంబరు 19 రాత్రి సంగతి మా ఈడు వాళ్ళకు ఎవరికీ చెప్పనక్కర్లేదు. దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళు పోయాయి. మా ఊరికి ఉప్పెన రాలేదు, గాలి వచ్చింది. గ్రంథాలయం పెంకులు మా వీధి చివర దొరికాయి. మూడో రోజున కాబోలు కాస్త ఎండ పొడిచింది. బడి లేదు, అందులో ఇళ్ళు పోయినవాళ్ళు ఉన్నారు. గ్రంథాలయం మాస్టారు (ఆయన్ను అందరూ అలాగే పిలిచేవాళ్ళు, ఏ బళ్ళోనూ పాఠం చెప్పకపోయినా) వీధిలో పిల్లలను పోగుచేసి తీసుకెళ్ళారు. నాన్నకు అది నచ్చలేదు. ‘అక్కడ శవాలు తేలుతుంటే ఈయనకు పుస్తకాలు కావలసి వచ్చాయి’ అన్నాడు. అని, సాయంత్రం తానే రెండు చాపలు మోసుకొచ్చి మాస్టారికి ఇచ్చాడు.

చాపల మీద, దుప్పట్ల మీద, పక్కింటి వాళ్ళ వడియాల గుడ్డల మీద పుస్తకాలు ఎండబెట్టాం. ఒక్కొక్క పిల్లకు పదేసి పుస్తకాలు అప్పగించారు. గాలికి పేజీలు ఎగరకుండా చింతపిక్కలు, గులకరాళ్ళు. తడిసిన కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, లాగితే చిరుగుతాయి. ‘అది వదిలేదాకా నువ్వు ముట్టుకోకు, ఎండ తిప్పుతుంది పేజీ’ అన్నారు మాస్టారు. నాకు వచ్చినవాటిలో ఒక కథల పుస్తకం ఉంది. తెరిచి ఉన్న రెండు పేజీలు చదివేశాను. రాజకుమారి నుయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆ తరవాతి పేజీ అతుక్కుపోయింది. మధ్యాహ్నం దాకా దాని ముందే కూర్చున్నాను. అంచు ముడుచుకుంటోంది, వదలడం లేదు. అన్నానికి రమ్మని అమ్మ కేకేస్తే లేవలేదు. మూడు గంటలకు టప్పుమని చిన్న చప్పుడుతో లేచింది చూడండి, ఆ పేజీ! రాజకుమారి నూతిలోకి దూకలేదు, చేద వేసింది. నాలుగు రోజుల్లో ఇరవై పేజీలు చదివానేమో. అప్పటికి మబ్బు పట్టింది, పుస్తకాలు ఎత్తేశారు. ఆ కథ చివర ఏమైందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ పుస్తకం అట్ట కూడా ఊడిపోయింది, పేరు చూసుకోలేదు.

అందరూ అనుకున్నట్టు దానితో నాకు చదువు మీద ప్రేమ పుట్టిందని రాయబోవడం లేదు. చెప్పదలచుకున్నది మరొకటి. ఆ ఏడాది కొత్త పెంకులు ఎవరు వేయించారు? బట్టల కొట్ల వాళ్ళు కొంత, రైసు మిల్లు వాళ్ళు కొంత, మిగిలింది ఇంటింటి చందా. నాన్న ఎంత ఇచ్చాడో తెలియదు గాని ఆ నెల పాలు తగ్గించి తీసుకున్న గుర్తు ఉంది. అప్పటికి ఆ చట్టం వచ్చి పదిహేడేళ్ళు. నాన్న కూడా సెస్సు కట్టినవాడే. రసీదులు పరుచుకుని కూర్చోలేదు.

ఇక్కడ నా వాదన కొంచెం మెత్తబడింది. మావారు ఊరుకుంటారా? ‘1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. ఆ పడవకు ఏ సెస్సు ఇచ్చారు?’ అన్నారు. నిజమే. మన గ్రంథాలయోద్యమమంతా చందాల మీద నడిచినదే. అయితే చందాల మీద ఎల్లకాలం నడవదని తెలిసే కదా చట్టం అడిగారు, తెచ్చుకున్నారు? ఇద్దరం ఒకే మాట చెరొక వైపు నుంచి అంటున్నామని గ్రహించి మావారు పడుకోవడానికి వెళ్ళారు.

రెండేళ్ళ కిందట మా చిన్నమ్మాయి దగ్గరికి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళినప్పుడు మధ్యాహ్నాలు నోయీ వ్యాలీ గ్రంథాలయంలో గడిపాను. అమెరికా ఉక్కు వ్యాపారి కార్నెగీ ఇచ్చిన డబ్బుతో 1916లో కట్టిన భవనం. బాగుచేసి 2008లో మళ్ళీ తెరిచారు. అప్పుడు ఆ కుర్చీల నున్నదనం తప్ప ఏమీ పట్టించుకోలేదు. ఈ రాత్రి చిన్నదానికి ఫోను చేసి అడిగాను, అక్కడ ఇలాంటివి ఎలా చేస్తారని. 2000 నవంబరులో ఊరివాళ్ళు ఓటు వేసి 10.59 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారట, 24 శాఖలను బాగుచెయ్యడానికో కొత్తగా కట్టడానికో. ఆ అప్పు తీరేది ఇంటి పన్ను మీద. కాని ఆ డబ్బుతో గోడ కట్టవచ్చు, కప్పు వెయ్యవచ్చు, భూకంపానికి నిలిచేలా గట్టి చెయ్యవచ్చు, కుర్చీలు, బల్లలు కొనకూడదు. అవి కొనడానికి ఫ్రెండ్స్ ఆఫ్ ది శాన్ ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీ అనే సంస్థ పేట పేటకూ తిరిగి చందాలు వసూలు చేసింది. అంటే నేను నున్నగా ఉందని మురిసిపోయిన కుర్చీ, చందా కుర్చీ! అంత డబ్బున్న ఊళ్ళో కూడా కుర్చీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చాపవలసిందే.

అక్కడితో ఫోను పెట్టేసి ఉంటే ఫారం నింపి పడుకునేదాన్ని. అది ఇంకో మాట అంది. బాండ్ల కంటే ముందే, 1994లో, అక్కడి ఓటర్లు ఆస్తి విలువలో ప్రతి 100 డాలర్లకు రెండున్నర సెంట్లు గ్రంథాలయానికే కేటాయించాలని తీర్మానించారట. తలుపులు తెరిచి ఉంచడానికీ, పుస్తకాలు కొనడానికీ, జీతాలకూ. అంటే మన 8 పైసలే కదా ఇది! మనం 1960లోనే రాసుకున్న మాట, వాళ్ళకు 1994లో తోచింది. కాకపోతే వాళ్ళ రెండున్నర సెంట్లు గ్రంథాలయం గుమ్మం దాకా నడిచి వెళతాయి. కార్నెగీ కూడా ఊరికే ఇవ్వలేదు. స్థలం మీరు చూపించాలి, నేను ఇచ్చిన దానిలో పదో వంతు ఏటా మీరు నిర్వహణకు ఖర్చుపెట్టాలి, మాట ఇస్తేనే డబ్బు అనేవాడు. వడ్డీ వ్యాపారిలా ఉందనిపించేది నాకు ఇదివరకు. ఈ రాత్రి అలా అనిపించడం లేదు.

సాయంత్రం చదివి వినిపించిన ఒప్పందంలో రంగులున్నాయి, ఏసీలున్నాయి, ప్రారంభోత్సవం తేదీ కూడా ఉంది. సేవాసంస్థవాళ్ళు వెళ్ళిపోయాక కరెంటు బిల్లు ఎవరు కడతారో లేదు. నేను పత్రికల బల్ల గురించి గోల పెట్టాను గాని, అడగవలసినది ఇది.

అసలు ఈ ప్రశ్న నాకు తట్టేలా చేసింది ఒక అమ్మాయి. ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నానేమిటి? సమావేశం అయ్యాక మెట్ల మీద కనిపించింది. డీఎస్సీకి చదువుకుంటోంది, పొద్దున ఎనిమిదికి క్యారేజీ తెచ్చుకుని వచ్చి రాత్రి దాకా ఉంటుంది. కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ కూడా ఇంటి నుంచి తెచ్చుకుని కిటికీ ఊచకు గొలుసుతో కట్టుకుంది. ‘గాజు తలుపులు నీకు నచ్చాయా?’ అన్నాను వెటకారంగా. ‘తలుపులు ఏవైనా పరవాలేదు మేడమ్. బాత్రూము కడతారా, కడితే నీళ్ళు వస్తాయా అని అడుగుదామనుకున్నాను. అంతమందిలో అడగలేకపోయాను’ అంది. ఇక్కడ చదువుకునే ఆడపిల్లలు పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగరట. తాగితే ఇంటికి వెళ్ళాలి, వెళితే చోటు పోతుంది.

యాభై ఏళ్ళుగా ఆ భవనంలోకి వెళ్ళి వస్తున్నాను. మా ఇల్లు రెండు వీధుల అవతల. అక్కడ బాత్రూము లేదన్న సంగతి నాకు ఎప్పుడూ తెలియవలసిన అవసరం రాలేదు. పత్రికల బల్ల పోతుందని చెయ్యి ఎత్తినదాన్ని, ఈ పిల్ల ప్రశ్న నా నోటితో అడగవచ్చు. కాని అప్పటికే అతిథిగారి కారు కదిలిపోయింది. బాదుషా పొట్లాలు ఊడుస్తున్నారు.

ఇస్తాను. 5,000 ఇస్తాను, కుర్చీ మీద పేరు వద్దని రాస్తాను. కాదు, కుర్చీకే వద్దు, నీళ్ళ మోటారుకు అని రాస్తాను. ఫారంలో మోటారుకు గడి లేదు, మార్జినులో రాయాలి. దానితో పాటు ఏటా మోటారు కరెంటు ఎవరిదో ఒప్పందంలో రాసి చూపించమంటాను. ‘అలా అడిగితే నిన్ను ఇంకోసారి పిలవరు’ అన్నారు మావారు ఇప్పుడే, మూడోసారి వచ్చి. ఆ బల్ల మీద కోపం మాత్రం తగ్గలేదు. వరండా అట, గాలి అట.

రసీదులు మళ్ళీ బీరువాలో పెడుతుంటే 388 ఉన్నది పైన వచ్చింది. దాన్ని జిరాక్స్ తీయించి ఫారానికి గుచ్చుతాను. గుండుసూదులు అత్తయ్యగారి గదిలో ఉన్నాయి. ఇప్పుడు వెళితే ఆవిడ లేస్తారు, ఫ్యాను సంగతి ఎత్తుతారు. పొద్దున్న చూసుకుంటాను.